చిన్న ఓడపై పెద్ద బరువు: విశాఖపట్టణముపై బాంబులు వేసిన విమానవాహక నౌక

1942వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేది సోమవారమునాడు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను జపాను విమానములు బాంబులు వేసినవి. ఆంధ్రదేశముపై ఆకాశమునుండి శత్రువుల బాంబులు పడుట అదే మొదటిసారి. రేవులోని ఓడలు దెబ్బతిన్నవి; కొందరు ప్రాణములు కోల్పోయిరి. అంతకంటె పెద్దది భయము. జనులు పిల్లాపాపలతో తీరము విడిచి లోతట్టు గ్రామములకు తరలిపోయిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరు విడిచి కొంతకాలము గుంటూరునుండి పని చేయవలసి వచ్చెను.

ఈ కథ చెప్పినప్పుడు తరగతిలో ఒక విద్యార్థి తప్పక అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. ఆ విమానములు ఎక్కడినుండి వచ్చినవి? అంతకు రెండు వారములముందే, మార్చి 23వ తేదీన, జపాను సైన్యము అండమాను దీవులను ఆక్రమించెను గనుక అక్కడినుండి వచ్చియుండునని పలువురు తలంతురు. పటము తీసి కొలిచి చూడుడు. పోర్టుబ్లెయిరునుండి విశాఖకు సుమారు 1,200 కిలోమీటర్లు. రానుపోను 2,400 కిలోమీటర్లు. వచ్చినవేమో ఒక్క ఇంజనుగల చిన్న విమానములు. బాంబులు మోసికొని అంతదూరము వచ్చి తిరిగిపోవుట వాటికి సాధ్యము కాదు. కనుక వాటి విమానాశ్రయము దగ్గరలోనే, బంగాళాఖాతములోనే ఉండి తీరవలెను. అవును, ఉండెను. అది నీటిపై తేలుచుండెను. దాని పేరు ర్యూజో.

ర్యూజో ఒక విమానవాహక నౌక. రెండు ప్రపంచయుద్ధముల నడిమి కాలములో ఇంజనీర్లు విమానవాహక నౌకను ఎట్లు నిర్మింపవలెనో ఇంకను నేర్చుకొనుచుండిరి. ఆ నేర్చుకొనుటలో జరిగిన ఒక పెద్ద పొరపాటునకును, దాని దిద్దుబాటునకును ఈ ఓడ మంచి ఉదాహరణము. కర్నూలునుండి సముద్రము రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరము. అయినను ఈ ఓడ చేసిన తప్పును అర్థము చేసికొనుటకు మన విద్యార్థులు సముద్రమునకు పోనక్కరలేదు. చొప్ప బండిని చూచినవారికి చాలును.

నూటయేబది మీటర్ల నేల

కర్నూలు సమీపమున ఓర్వకల్లువద్ద 2021లో ప్రారంభమైన విమానాశ్రయములో విమానము పరుగెత్తు బాట పొడవు 2,000 మీటర్లు. ర్యూజో పైభాగమునగల చదునైన డెక్కు పొడవు 156 మీటర్లకు కొంచెము ఎక్కువ, వెడల్పు 23 మీటర్లు. ఓర్వకల్లు బాటలో పదమూడవ వంతు మాత్రమే. ఆనాటి విమానములు నేటివానికంటె తేలికయైనవను మాట నిజమే. అయినను ఇంత చిన్నచోటనుండి అవి ఎట్లు లేచెడివి?

ఇక్కడ సాపేక్ష వేగము అను పాఠము ఉపయోగపడును. విమానమును పైకెత్తునది నేలపై దాని పరుగు కాదు. దాని రెక్కలమీదుగా వీచు గాలి వేగము. ఓడ గాలికి ఎదురుగా తిరిగి పూర్తివేగముతో పోయినచో ఆ వేగమంతయు విమానమునకు ఉచితముగా లభించును. ర్యూజో గరిష్ఠవేగము 29 నాట్లు, అనగా గంటకు సుమారు 54 కిలోమీటర్లు. ఎదురుగాలి గంటకు 20 కిలోమీటర్లున్నదనుకొనుడు. నిలిచియున్న విమానము రెక్కలకే 74 కిలోమీటర్ల గాలి తగులుచుండును. ఒక విమానము లేచుటకు 110 కిలోమీటర్ల గాలి వేగము కావలెనన్నచో, అది తాను పరుగెత్తి సంపాదించుకొనవలసినది 36 కిలోమీటర్లు మాత్రమే.

ఇక పరుగు దూరము వేగముయొక్క వర్గమును బట్టి ఉండునని విద్యార్థులకు తెలిసినదే. 36ను 110చే భాగించి, వచ్చినదానిని వర్గము చేసినచో సుమారు పదవ వంతు వచ్చును. గాలిలేనప్పుడు నేలమీద 300 మీటర్లు పరుగెత్తవలసిన విమానము ఓడపై ముప్పదిరెండు మీటర్లలోనే లేచునన్నమాట. విమానవాహక నౌకలకు వేగము ఎందుకంత ముఖ్యమో దీనివలన బోధపడును. ఆ వేగము వారికి శత్రువునుండి పారిపోవుటకు మాత్రమే కాదు; అది డెక్కు పొడవును పెంచెడి ఉపాయము.

దిగుట లేచుటకంటె కష్టము. 1917 ఆగస్టు 2వ తేదీన ఎడ్విన్ డన్నింగ్ అను బ్రిటిష్ వైమానికుడు కదులుచున్న ఫ్యూరియస్ అను ఓడపై మొదటిసారి విమానమును దింపెను. అయిదు దినముల తరువాత అదే ప్రయత్నములో విమానము ఓడ అంచుమీదుగా సముద్రములో పడి ఆయన మరణించెను. ఆ ఓడ నడుమ కట్టడములు, పొగగొట్టము అడ్డుగా ఉండెను. డెక్కు మొదటినుండి చివరివరకు అడ్డులేకుండ ఉండవలెనని ఆ మరణము నేర్పెను. 1918లో సిద్ధమైన ఆర్గస్ అట్టి చదునైన డెక్కుగల మొదటి ఓడ.

కాని అడ్డు తొలగించిన వెంటనే మరి రెండు చిక్కులు వచ్చినవి. పొగ ఎక్కడికి పోవలెను? వేడి పొగ డెక్కుమీద వ్యాపించినచో దిగు వైమానికునకు కన్ను కనబడదు. గాలియు నిలకడగా ఉండదు. ఓడను నడుపు అధికారి ఎక్కడ నిలువవలెను? బ్రిటిష్‌వారు కుడివైపు అంచున పొగగొట్టమును, నడుపుగదిని కలిపి ఒక చిన్న మేడగా కట్టిరి. ఈగిల్, హెర్మీస్ అను ఓడలలో ఈ పద్ధతి స్థిరపడెను. జపానువారు తమ ర్యూజోలో మేడ కట్టలేదు. పొగగొట్టములను కుడిప్రక్కకు త్రిప్పి క్రిందికి వంచిరి. నడుపుగదిని డెక్కు ముందరి అంచు క్రింద, అద్దాల గదివలె అమర్చిరి. డెక్కుకు అడ్డముగా ఉక్కుత్రాళ్లు కట్టి, దిగు విమానము తోకకుగల కొక్కెము ఆ త్రాళ్లకు తగులుకొని విమానము ఆగునట్లు చేసిరి. దిగిన విమానములను లిఫ్టులమీద లోపలి విమానశాలకు దింపెడివారు.

ఒప్పందములోని సందు

1922లో వాషింగ్టను నగరములో అయిదు దేశములు నౌకాబలములను పరిమితము చేయుచు ఒప్పందము చేసికొనెను. దాని ప్రకారము విమానవాహక నౌకలకు అమెరికాకును బ్రిటనుకును చెరి 1,35,000 టన్నులు, జపానుకు 81,000 టన్నులు లెక్క కట్టిరి. అయితే ఆ ఒప్పందములో విమానవాహక నౌక అనగా 10,000 టన్నులకు మించినదని నిర్వచనము వ్రాసిరి. అంతకు తక్కువైన ఓడ లెక్కలోనికి రాదు.

జపాను అధికారులు ఈ సందును గమనించిరి. 8,000 టన్నులతో ఒక చిన్న ఓడను కట్టినచో అది లెక్కకు అందక అదనపు బలమగును. ఈ ఆలోచనతో 1929 నవంబరులో యొకొహామాలో ర్యూజో నిర్మాణమును ఆరంభించిరి. ఒక అంతస్తు విమానశాల, ఇరువదినాలుగు విమానములు. అది మొదటి ప్రణాళిక.

1930లో లండనులో రెండవ ఒప్పందము జరిగెను. ఈసారి ఎంత చిన్నదైనను విమానవాహక నౌక విమానవాహక నౌకయే అని నిర్వచనమును సవరించిరి. సందు మూసుకొనిపోయెను. కాని ఓడ అప్పటికే సగము నిర్మాణములో ఉన్నది. ఎట్లును లెక్కలోనికి వచ్చుచున్నది గదా, ఇరువదినాలుగు విమానములతో సరిపెట్టుకొనుట ఎందుకని, ఉన్న విమానశాలపై రెండవ అంతస్తు కట్టి విమానముల సంఖ్యను నలుబదిఎనిమిదికి పెంచిరి. దానికితోడు పండ్రెండు పెద్ద ఫిరంగులను అమర్చిరి. ఓడ అడుగుభాగము మాత్రము మొదట గీచిన చిన్నదే.

1933 మే నెలలో ర్యూజో నౌకాదళములో చేరెను. ఒక కాకతాళీయము చెప్పవలెను. అదే సంవత్సరము డిసెంబరులో మన విశాఖపట్టణము కొత్త రేవునకు లార్డ్ విల్లింగ్డను ప్రారంభోత్సవము చేసెను. దాడి చేయబోవు ఓడయు, దాడికి గురికాబోవు రేవును ఒకే ఏట పని మొదలుపెట్టినవి.

చొప్ప బండి, బండల బండి

ఇప్పుడు మన ఊరి బాటకు వత్తము. కడప బండలను వేసికొనిపోవు ఎద్దుబండిని చూడుడు. బరువు అపారము; కాని బండలన్నియు అడుగున పరచియుండును. చక్రము గుంటలో దిగినను బండి ఒరిగి మరల నిలుచును. అదే జొన్నచొప్ప కట్టలు రెండు నిలువుల ఎత్తు పేర్చిన బండి సంగతి వేరు. బరువులో బండల బండికి సగము కూడ ఉండదు. అయినను చక్రము గుంటలో దిగినప్పుడు బండి వెంటనడుచు రైతు పరుగున పోయి ప్రక్కను భుజము ఆనించును. బోల్తాపడునో లేదో నిర్ణయించునది బరువు ఎంత అనునది కాదు, ఆ బరువుయొక్క గరిమనాభి ఎంత ఎత్తున ఉన్నది అనునది.

ఓడ విషయములో మరియొక మాట చేర్చవలెను. బండికి చక్రముల క్రింద గట్టినేల ఉన్నది. ఓడను మోయునది నీరు. ఆర్కిమెడీసు సూత్రము ప్రకారము, మునిగిన భాగము ఎంత నీటిని తొలగించునో అంత నీటి బరువుకు సమానమైన బలము ఓడను పైకి త్రోయును. ఈ బలము మునిగిన భాగముయొక్క నడిమినుండి, అనగా ఉత్ప్లవన కేంద్రమునుండి, పైకి పనిచేయును. ఓడ బరువు గరిమనాభినుండి క్రిందికి పనిచేయును. ఓడ నిటారుగా ఉన్నప్పుడు ఈ రెండును ఒకే నిలువుగీతపై ఉండును. అల తగిలి ఓడ కుడికి ఒరిగినదనుకొనుడు. కుడివైపు ఎక్కువగా మునుగును గనుక ఉత్ప్లవన కేంద్రము కుడికి జరుగును. గరిమనాభి క్రిందనున్నచో పైకి త్రోయు బలము దానికి కుడిప్రక్కనే ఉండి ఓడను మరల నిటారుగా లేపును. గరిమనాభి మితిమీరి పైకి పోయినచో, ఓడ ఒరిగినప్పుడు అది ఉత్ప్లవన కేంద్రముకంటె ఇంకను కుడికి పోవును. అప్పుడు ఆ రెండు బలములే జతకలిసి ఓడను పడద్రోయును. నిలబెట్టవలసిన నీరే బోల్తా కొట్టించును.

ర్యూజో సరిగా చొప్ప బండి. సన్నని, తక్కువ లోతుగల ఓడపై రెండంతస్తుల విమానశాల, దానిపై ఉక్కు డెక్కు, విమానములు, ఫిరంగులు, బరువంతయు పైననే.

తుపానులు చెప్పిన పాఠము

ఈ దోషము జపాను ఇంజనీర్లకు వేరొక ఓడవలన తెలిసినది. 1934 మార్చి 12వ తేదీన టొమొజురు అను చిన్న యుద్ధనౌక తుపానులో బోల్తాపడెను. సిబ్బందిలో అత్యధికులు మరణించిరి. ఆ నౌక క్రొత్తది. దానిని శత్రువు కొట్టలేదు. చిన్న ఓడపై మోయలేనన్ని ఆయుధములు పెట్టుటయే కారణమని విచారణలో తేలెను. అప్పుడు నౌకాదళమువారు తమ క్రొత్త ఓడలన్నిటి లెక్కలను మరల తీసి చూచిరి. వాటి రూపకల్పనకు బాధ్యుడైన ఫుజిమొటో కికువోను ఆ పనినుండి తప్పించిరి. కాని దోషము ఆయన ఒక్కనిదే అనుట న్యాయము కాదు. తక్కువ టన్నులలో ఎక్కువ ఆయుధములు కావలెనని పై అధికారులు కోరిరి. రెండవ అంతస్తు వలదని చెప్పు ధైర్యము ఎవరికిని లేకపోయెను.

1934 వేసవిలో ర్యూజోను మరల రేవునకు తెచ్చి దిద్దిరి. ఆ మరమ్మతులు భౌతికశాస్త్రపు పాఠమువలె ఉండును. మొదట, పైబరువు తగ్గించుటకు పండ్రెండు ఫిరంగులలో నాలుగింటిని తీసివేసిరి. రెండు, అడుగున బరువు చేర్చి గరిమనాభిని క్రిందికి దింపిరి. మూడు, ఓడ ఇరుప్రక్కల నీటిమట్టమువద్ద ఉబ్బులు అమర్చి వెడల్పు పెంచిరి. వెడల్పు పెరిగినచో ఓడ ఒరిగినప్పుడు ఉత్ప్లవన కేంద్రము మరింత ప్రక్కకు జరుగును. ఓడను నిలబెట్టు బలమునకు పట్టు పెరుగును. నాలుగు, వెన్నుదూలమును బలపరచిరి.

ఒకదానిని దిద్దినచో మరియొకటి బయటపడుట ఇంజనీరింగులో తరచు జరుగునదే. బరువు చేర్చుటవలన ఓడ లోతుగా మునిగెను. ముందుభాగము నీటికి దగ్గరయ్యెను. 1935 సెప్టెంబరులో జపాను నాలుగవ నౌకాదళము విన్యాసముల నడుమ పెద్ద తుపానులో చిక్కుకొనెను. ర్యూజో బోల్తాపడలేదు, కనుక మొదటి దిద్దుబాటు ఫలించినదనవలెను. కాని అలలు ముందుభాగముపైకెక్కి నడుపుగదిని, డెక్కును దెబ్బతీసినవి. విమానశాలలోనికి నీరు వచ్చెను. 1936లో మరల రేవునకు తెచ్చి, ముందుభాగమును ఒక అంతస్తు పైకెత్తి, అలలను ప్రక్కలకు చీల్చునట్లు దాని ఆకారమును మార్చిరి. 8,000 టన్నులకు గీచిన ఓడ చివరకు 10,600 టన్నులయ్యెను. మొదట అయిదున్నర మీటర్లు మునిగినది ఇప్పుడు ఏడు మీటర్లు మునిగెను. ఏ సందులో దూరుటకు చిన్నదిగా కట్టిరో ఆ సందు పరిమాణమును దాటిపోయెను.

ఇంతయు చేసినను కొన్ని లోపములు మిగిలినవి. వెనుక లిఫ్టు మరీ ఇరుకు. క్రమముగా విమానములు పెద్దవగుచుండగా, 1940 ప్రాంతమునకు రెక్కలు ముడుచుకొనగల నకజిమా దాడి విమానము మాత్రమే అందులో పట్టెను. మిగిలినవన్నియు ముందరి లిఫ్టుమీదనే ఎక్కి దిగవలసి వచ్చెను. నలుబదిఎనిమిది విమానములను పెట్టుకొన్నను, వాటిని పైకి తెచ్చు ద్వారము ఒక్కటే అయినచో ఆ సంఖ్య వలన లాభమేమి?

ఆ ఏప్రిల్ నెల

1942 ఏప్రిల్ మొదటివారములో జపాను ముఖ్యనౌకాదళము సింహళముపై దాడి చేసెను. 5వ తేదీన కొలంబోపైనను, 9వ తేదీన ట్రింకోమలీపైనను బాంబులు పడినవి. అదే సమయమున ఒజావా అను నౌకాధిపతి ర్యూజోను, కొన్ని క్రూయిజరు నౌకలను తీసికొని బంగాళాఖాతములో వర్తకపు ఓడలపై పడెను. కొద్దిదినములలో ఇరువదికి పైగా ఓడలు మునిగినవి. 6వ తేదీన ర్యూజో విమానములు విశాఖకును కాకినాడకును వచ్చినవి.

ఇక్కడ ఒక విషయము స్పష్టముగా చెప్పవలెను. ర్యూజో గొప్ప ఓడ అగుటచేత ఆనాడు మన తీరమునకు కీడు జరుగలేదు. అది జపాను వాహకనౌకలలో చిన్నవానిలో ఒకటి, లోపములు గలది. మన తీరమునకు చెప్పుకోదగిన విమానరక్షణ లేదు. ఎదురించు నౌకాబలము సమీపమున లేదు. రక్షణలేని రేవునకు లోపముగల ఓడయు ప్రమాదమే.

రక్షణలేనిచో మంచి ఓడయు నిలువదు. విమానవాహక నౌకగానే మొదటినుండి రూపకల్పన చేయబడిన బ్రిటిష్ ఓడ హెర్మీస్ ఏప్రిల్ 9వ తేదీన సింహళము తూర్పుతీరమున జపాను విమానముల దెబ్బకు మునిగెను. ఆనాడు దానిపై ఒక్క విమానము కూడ లేదు. విమానములు లేని విమానవాహక నౌక కత్తిలేని ఒరవంటిది.

ర్యూజో కథయు ఎక్కువకాలము సాగలేదు. 1942 ఆగస్టు 24వ తేదీన సాలమన్ దీవుల సమీపమున సారటోగా అను అమెరికను వాహకనౌక విమానములు దానిని ముంచినవి. సారటోగాయు వాషింగ్టను ఒప్పందపు బిడ్డయే. ఒప్పందము వలన నిర్మాణము ఆగిపోయిన పెద్ద యుద్ధనౌకను వాహకనౌకగా మార్చుటకు అమెరికాకు అనుమతి లభించెను. అట్లు అది 1927లో సిద్ధమయ్యెను. ఒకే ఒప్పందమునుండి ఒకరు పెద్ద ఓడను, మరొకరు చిన్న ఓడపై పెద్ద బరువును తీసికొనిరి.

మనకు మిగిలినది

బాంబులు పడిన విశాఖలోనే, 1941లో డాక్టరు రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసిన నౌకానిర్మాణశాల యుద్ధానంతరము పని సాగించెను. అక్కడ తయారైన జలఉష అను ఓడను 1948 మార్చిలో జవహర్‌లాల్ నెహ్రూ నీటిలోనికి దింపెను. 1961లో మన నౌకాదళమునకు మొదటి విమానవాహక నౌక విక్రాంత్ లభించెను. 1971 యుద్ధములో అది బంగాళాఖాతములోనే పనిచేసెను. 1997లో అది విశ్రమించిన పిదప, అదే పేరుతో కొచ్చిలో మనవారే కట్టిన నౌక 2022 సెప్టెంబరులో నౌకాదళములో చేరెను. ఓడ ఎంత పెద్దదైనను, దానిని గీచు ఇంజనీరు మొదట చూడవలసిన లెక్కలలో ర్యూజో నిర్లక్ష్యము చేసిన ఆ లెక్క కూడ ఒకటి.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. ఒక బొచ్చెలో నీరు పోసి, అందులో వెడల్పైన రేకుడబ్బాను తేలనిండు. డబ్బా అడుగున కొన్ని గులకరాళ్లు వేసి వ్రేలితో ఒరిగించి విడువుడు. అది ఊగి నిలుచును. ఇప్పుడు డబ్బా నడుమ ఒక పుల్లను నిలువుగా అతికించి, అవే రాళ్లను చిన్న గుడ్డలో మూటకట్టి పుల్ల చివర కట్టుడు. బరువు మారలేదు, నీటిలో మునిగిన లోతు మారలేదు. మరల ఒరిగించి విడువుడు. డబ్బా తిరిగి లేవదు. తరువాత డబ్బాకు ఇరుప్రక్కల బెండుముక్కలు కట్టి మరల పరీక్షింపుడు. పుల్ల మరీ పొడవు కానిచో డబ్బా ఈసారి నిలుచును. ర్యూజోకు అమర్చిన ఉబ్బులు చేసిన పని ఇదియే.

ర్యూజోపై చేర్చిన ప్రతివస్తువునకును ఒక న్యాయమైన కారణము ఉండెను. విమానములు ఎక్కువ కావలెను గనుక అంతస్తు. శత్రువు విమానములనుండి రక్షణ కావలెను గనుక ఫిరంగులు. విడివిడిగా చూచినచో ఏదియు తప్పు కాదు. అన్నింటిని కలిపి మోయునది ఒకే ఓడ అను సంగతి మరచుటయే తప్పు. మన రైతు చివరి చొప్పకట్టను బండిపైకి విసరుటకుముందు ఒకసారి వెనుకకు జరిగి బండిని తేరిపార చూచును. ఆ చూపు ఇంజనీరునకును అవసరమే.